హై బానెట్ జీపుతో లంకలో తొమ్మిదేళ్లు

ముందు మార్కులు చెప్పేస్తాను, అంతా చదివే ఓపిక లేనివాళ్ల కోసం. బురదలో 10కి 9. ఇసుకలో 8. తారు రోడ్డు మీద 4. బ్రేకులకి 3, అదీ ఎండగా ఉన్న రోజున. వాన పడితే లోపల కూర్చున్నవాళ్లకీ బయట నడిచేవాళ్లకీ తేడా ఉండదు కాబట్టి ఆ గడి ఖాళీగా వదిలేశాను.

బండి మహీంద్రా సీజే-3బి. మన వైపు హై బానెట్ విల్లీస్ అంటారు, తెలియనివాళ్లు ఉత్తినే పాత జీపు అంటారు. నాది 1972 మోడలు, పెట్రోలు. 2016 డిసెంబరులో కొన్నాను. పి. గన్నవరం అవతల లంకలో, అంటే గోదారి పాయల మధ్య దిబ్బ మీద, మాకు మూడున్నర ఎకరాల అరటి, మధ్యమధ్యలో కంద. జీపు కొన్నది నేను, నడిపేది నేను, కింద దూరి గ్రీజు కొట్టేది కూడా నేనే. మా వారు ఇందులో ఎక్కి ఆరేళ్లు దాటింది. ఎందుకో తర్వాత చెబుతాను.

మా తోటకి దారి అంటే ఏటిగట్టు దిగాలి, పాయ దాటాలి, ఇసుక తిన్నె ఎక్కాలి. సంక్రాంతి నుంచి జూన్ దాకా పాయలో మోకాలి లోతు నీళ్లు, ఒక్కో ఏడాది అవీ ఉండవు. జూలైలో గోదారి పోటెత్తితే దారీ ఉండదు, తోటా కనపడదు, పడవే గతి. అప్పట్లో మా దగ్గర ఒక పికప్ వ్యాను ఉండేది, వెనక చక్రాలకే పవరు. ఒండ్రులో దిగబడితే గట్టు మీది ట్రాక్టరు అబ్బాయిని పిలవాలి, లాగినందుకు ఐదు వందలు. ఆ ఒక్క ఏడాదిలో పదిహేడు సార్లు ఇచ్చుకున్నట్టు నా డైరీలో ఉంది. ఆఖరికి నా నంబరు కనపడితే ఆ అబ్బాయి ఫోను ఎత్తకుండానే ట్రాక్టరు స్టార్టు చేసేవాడు.

అలా ఫోర్ వీల్ బండి మీదకి మనసు పోయింది. కొత్తది కొనే స్తోమత లేదు. పాతవాటిలో మూడు చూశాను. మారుతీ జిప్సీ 1985 చివర్లో వచ్చింది, మొదట 970 సీసీ, 1996 నుంచి కింగ్ పేరుతో 1298 సీసీ. టన్ను కూడా తూగదు, ఇసుక మీద పిచ్చుకలా పోతుంది. కానీ దాన్ని ముద్దు చేసేవాళ్లు ఎక్కువైపోయి, బాగున్న బండి రేటు నా చేతికి అందలేదు. రెండోది మహీంద్రా ఎంఎం 540. 2112 సీసీ ప్యూజో డీజిలు ఇంజిను, ఖర్చు తక్కువ. మా వారి ఓటు దానికే. నాకు దాని హెడ్డు (ఇంజిను పై భాగం) అల్యూమినియంది కావడం నచ్చలేదు. రేడియేటరులో నీళ్లు చూసుకోకుండా ఒక్కసారి మరగనిచ్చామంటే హెడ్డు వంగుతుంది, గాస్కెట్ పోతుంది. లంక మధ్యలో నీళ్లు చూసుకునే బుద్ధి నాకు ఉంటుందేమో గానీ మా తోటలో పనిచేసే కుర్రాళ్లకి ఉండదు.

మిగిలింది విల్లీస్. హ్యాండిలు పెట్టి తిప్పినా స్టార్టయ్యే బండి అన్నారు, అక్కడే పడిపోయాను. బ్యాటరీ చచ్చిపోయినా లంకలో రాత్రి ఉండిపోనక్కర్లేదు. (హ్యాండిలు తిప్పేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచండి, చుట్టూ బిగించకండి. ఇంజిను ఎదురు తన్నిందంటే హ్యాండిలు వెనక్కి తిరిగి వేలు విరుగుతుంది. నాకు విరగలేదు, వాచింది.)

ఈ బండి పుట్టుక తెలిస్తే కొనేటప్పుడు మోసపోరు కాబట్టి కొంచెం చెబుతాను. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ అని ఉక్కు వ్యాపారంగా మొదలైన కంపెనీ, దేశ విభజన తర్వాత భాగస్వామి పాకిస్తాన్ వెళ్లిపోతే 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. విల్లీస్ అనే అమెరికా కంపెనీ జీపుల విడిభాగాలు తెప్పించి ఇక్కడ బిగించడం వాళ్ల మొదటి బండ్ల పని. అమెరికాలో సీజే-3బి 1953లో వచ్చి 1968లో ఆగిపోయింది. ఇక్కడ ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి తయారైంది. అందుకే 1972 బండి అంటే చాలామంది నమ్మరు, యుద్ధం నాటిది అనుకుంటారు.

హై బానెట్ ఎందుకంటే ఇంజిను ఎత్తు పెరిగింది కాబట్టి. అంతకు ముందు జీపుల్లో వాల్వులన్నీ బ్లాకులోనే (ఇంజిను కింది భాగం) ఉండేవి. హరికేన్ అనే ఈ 2.2 లీటర్ల ఇంజినులో పెట్రోలు వచ్చే వాల్వుని తీసుకెళ్లి హెడ్డులో పెట్టారు, పొగ వెళ్లే వాల్వు మాత్రం బ్లాకులోనే ఉంచారు. దాంతో ఇంజిను ఎత్తయిపోయి పాత బానెట్టు కింద పట్టలేదు. బానెట్టునే పైకి లేపేశారు. ముందు నుంచి చూస్తే బండి నుదురు పెద్దదిగా, కొంచెం అమాయకంగా కనపడేది అందుకే.

ఈ ముక్క తెలియడం వల్ల రెండు బేరాలు వదులుకున్నాను. మొదటిది పాలకొల్లు వైపు. కొత్త ఆకుపచ్చ రంగు, మిలిటరీ నక్షత్రం, చూడటానికి పెళ్లికొడుకులా ఉంది. బానెట్టు ఎత్తితే లోపల ఏదో వ్యానుది డీజిలు ఇంజిను. ఆర్సీలో పెట్రోలు అనే ఉంది. మన వైపు తిరిగే విల్లీసుల్లో ఇలా గుండె మార్చినవి బోలెడు. పెట్రోలు రేటు భరించలేక ఎప్పుడో మార్చుకున్నారు, తప్పు పట్టను. కానీ ఇంజిను మార్చినట్టు ఆర్సీలో ఎక్కించకపోతే రేపు ఫిట్‌నెస్‌కి వెళ్లినప్పుడు, యాక్సిడెంటు అయి ఇన్సూరెన్సు అడిగినప్పుడు ఇరుక్కునేది కొన్నవాళ్లే. "అదేం పెద్ద విషయం కాదండీ, అందరూ తిప్పుతున్నారు" అన్నాడు అమ్మేవాడు. అందరూ తిప్పుకోనీ అని వచ్చేశాను.

రెండోదానికి ఇంజిను సరిగ్గానే ఉంది. కింద పడుకుని చూస్తే, బండి మొత్తాన్ని మోసే ఇనప చట్రం, అదే చాసిస్‌కి రెండు చోట్ల ఇనప పలక వేసి వెల్డింగు కొట్టారు, పైన నల్ల రంగు పూశారు. గోటితో గీకితే రంగు పొక్కులా లేచింది.

మూడోది రాజమండ్రి వైపు ఒక పాత బండ్ల వ్యాపారి దగ్గర దొరికింది. 1,85,000 చెప్పాడు, 1,70,000కి తెగింది. 'ఒక్క చేతి బండి' అన్నాడు. ఆర్సీ పుస్తకంలో నాలుగు చేతులు ఉన్నాయి. 'ఇంజిను ముట్టుకోనక్కర్లేదు' అన్నాడు. మూడో నెలలో పొగ నీలంగా మారి, బోరు కొట్టించి పిస్టన్లు వేయించాల్సి వచ్చింది. చాసిస్ మాత్రం శుభ్రంగా ఉంది, ఇంజిను నంబరూ చాసిస్ నంబరూ పుస్తకంతో కలిశాయి. ఇప్పుడు మళ్లీ కొనాలన్నా ఇదే వరుసలో చూస్తాను. అందరూ ఇంజిను శబ్దం విని కొంటారు. ఇంజిను బాగుచేసేవాళ్లు ఊరికొకరున్నారు. తుప్పు తిన్న చాసిస్‌నీ, కలవని కాగితాన్నీ బాగుచేసేవాడు నాకు ఇంతవరకు కనపడలేదు.

ఇక నడపడం. లంక బురద ఒకటే రకం కాదు. వరద తీశాక మిగిలే కొత్త ఒండ్రు పైన ఎండి పలకలుగా పగిలి ఉంటుంది, కింద మాత్రం జున్నులా వణుకుతుంది. చేలగట్ల వెంట నల్లరేగడి టైరు చుట్టూ అట్టలా చుట్టుకుంటుంది, పది చుట్లు తిరిగేసరికి టైరు గుండ్రాయిలా నున్నగా అవుతుంది. పాయ అంచున ఊబి, దాని గురించి చెప్పుకోకపోవడమే మంచిది. ఒండ్రులో ఈ బండికి ఉన్న బలం సన్న టైరు. 6.00-16, ఇప్పటి బండ్ల పక్కన సైకిలు టైరులా ఉంటుంది. వెడల్పు టైరు జున్ను మీద తేలబోయి జారుతుంది. సన్నది కోసుకుంటూ దిగి అడుగున గట్టి మట్టిని పట్టుకుంటుంది. అడుగున గట్టి మట్టి లేకపోతే మాత్రం యాక్సిల్ దాకా దిగి కూర్చుంటుంది, అప్పుడు పాత స్నేహితుడు ట్రాక్టరు అబ్బాయే. ఈ తొమ్మిదేళ్లలో నాలుగు సార్లు. ఇసుకలో దీనికి పూర్తిగా ఎదురు, గాలి తీసేయాలి. నేను 14 పాయింట్లకి దించుతాను, గట్టెక్కాక కాలితో తొక్కే పంపుతో మళ్లీ నింపుతాను. ఒళ్లు హూనమవుతుంది గానీ దారి ఆగదు.

గేరు రాడ్డు పక్కన రెండు చిన్న లివర్లు ఉంటాయి. ఒకటి ముందు చక్రాలకి పవరు కలిపేది, రెండోది హై, లో మార్చేది. ముందు చక్రాలు కలపకుండా లో పడదు, పడకుండా లోపలే అడ్డం పెట్టారు. 'లో'లో పడితే లాగే బలం దాదాపు రెండున్నర రెట్లు అవుతుంది, అదంతా వెనక యాక్సిల్ ఒక్కదాని మీద పడితే విరుగుతుంది కదా. గేర్లు మూడే. మొదటి గేరు బండి కదులుతుండగా వేస్తే పళ్లు కొరికినట్టు అరుస్తుంది, ఆగి వేయాలి. 'లో'లో మొదటి గేరు వేసి క్లచ్చు వదిలేసి కాళ్లు రెండూ తీసేసినా తిన్నె మీదకి తనంతట తాను ఎక్కుతుంది, మనిషి నడిచే వేగంతో. మొదటిసారి అలా ఎక్కినప్పుడు నాకు నవ్వాగలేదు. వెనక పన్నెండు గెలలు ఉన్నాయి, ఒక్కటీ జారలేదు.

ఫోర్ వీలు వేసి తారు రోడ్డెక్కకూడదు. ఈ సంగతి చదివాను, మర్చిపోయాను. ఒకసారి పాయ దాటిన ఉత్సాహంలో లివరు తీయకుండా డొక్కా సీతమ్మ అక్విడెక్టు దాకా వచ్చేశాను. స్టీరింగు బిగిసిపోతోంది, బండి ఎవరో వెనక్కి పట్టుకున్నట్టు గుంజుతోంది. ఆపి లివరు లాగితే ఊడదు. దీనికి ముందు వెనక యాక్సిళ్ల మధ్య డిఫరెన్షియల్ (వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) లేదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరుగుతాయి, వెనకవి తక్కువ. బురదలో ఆ తేడా జారి సర్దుకుంటుంది, తారు మీద జారదు కాబట్టి లోపల షాఫ్టులు తాడు మెలిపెట్టినట్టు బిగుసుకుంటాయి. మా మెకానిక్ గారికి ఫోను చేశాను.

"ఏం కంగారు లేదండి అమ్మగారూ. రివర్సేసి ఓ పదడుగులు ఎనక్కి పోనివ్వండి. లివరు అదే వచ్చేత్తది."

వచ్చేసింది. ఆయన పేరు రాద్దామంటే "వద్దండి బాబూ, ఇప్పటికే పని ఎక్కువైపోయింది" అన్నారు.

బ్రేకుల సంగతి. నాలుగూ డ్రమ్ములే, కాలి బలాన్ని పెంచే బూస్టరు లేదు. మాస్టరు సిలిండరు డ్రైవరు కాళ్ల కింద, ఫ్లోరు అడుగున ఉంటుంది, ఆయిలు పోయాలంటే ఫ్లోరు మీది చిన్న మూత తీయాలి. నీళ్లలో దిగినప్పుడు ముందు తడిసేది అదే. రెండో ఏడాది ఆ మూత తీస్తే చుట్టూ ఒండ్రు పేరుకుని, ఆయిలు రంగు చూస్తే కాఫీ అనుకోవచ్చు. అప్పటి నుంచి ప్రతి నవంబరులో ఆయిలు మొత్తం మార్చేస్తున్నాను. పాయ దాటాక ఒక వంద గజాలు బ్రేకు మీద కాలు తేలిగ్గా నొక్కి ఉంచి నడపాలి, ఆ రాపిడికి లైనర్లు ఆరతాయి. ఆరకముందు గట్టు మీద ఎవరైనా ఎదురైతే హారనే బ్రేకు.

హ్యాండ్‌బ్రేకు ఇంకో రకం. అది చక్రాలకి ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు (పవరుని ముందు వెనక చక్రాలకి పంచే గేర్ల పెట్టె) వెనక, ప్రొపెల్లర్ షాఫ్టు (వెనక చక్రాలకి పవరు తీసుకెళ్లే రాడ్డు) మొదట్లో ఒక డ్రమ్ము ఉంటుంది, అది షాఫ్టుని పట్టుకుంటుంది. అక్కడే ఒక ఆయిల్ సీలు ఉంటుంది. సీలు కారితే ఆయిలు నేరుగా డ్రమ్ములోకి పోతుంది, హ్యాండ్‌బ్రేకు పేరుకే మిగులుతుంది. 2019 ఫిబ్రవరిలో నర్సాపురంలో పెళ్లికి మా వారూ నేనూ సఖినేటిపల్లి రేవు నుంచి పంటు (బండ్లని గోదారి దాటించే పెద్ద పడవ) ఎక్కాం. సీలు కారుతోందని వారం ముందే తెలుసు, పెళ్లయ్యాక చూద్దాంలే అనుకున్నాను. తప్పు బండిది కాదు, నాది. మధ్య గోదారిలో లాంచీ అల ఒకటి తగిలి పంటు ఒరిగింది, జీపు మెల్లిగా ఒక అడుగు ముందుకు కదిలింది. ముందు ఒక పెద్దావిడ చేపల తట్ట. తట్ట అంచు బంపరుకి తగిలి రెండు చేపలు పలకల మీద పడ్డాయి.

"ఏటమ్మా, బండి పట్టుకోలేనిదానివి పంటెందుకు ఎక్కావు?" అంది ఆవిడ.

నేను బ్రేకు మీద నిలబడిపోయాను, నిజంగానే నిలబడ్డాను. పంటు కుర్రాడు పరిగెత్తుకొచ్చి నాలుగు చక్రాల కిందా కొబ్బరి డొక్కలు కొట్టాడు. చిత్రం ఏమిటంటే డొక్క రాయి కంటే బాగా పట్టింది, తడి పలక మీద రాయి జారుతుంది, పీచు జారదు. ఇప్పుడు నా జీపులో టూల్‌కిట్ కన్నా ముందు నాలుగు డొక్కలు ఉంటాయి. ఆ అల్లరంతా సద్దుమణిగాక మా వారు, ఏదో ఒకటి మాట్లాడాలని కాబోలు, "పెట్రోలు ట్యాంకు ఎక్కడే దీనికి?" అని అడిగారు. "మీరు ఇందాక నడుపుకుంటూ వచ్చినప్పుడు కూర్చున్నారే, దాని కిందే" అన్నాను. నిజమే మరి, సుమారు 40 లీటర్ల ట్యాంకు సరిగ్గా డ్రైవరు సీటు కింద ఉంటుంది. నర్సాపురం నుంచి ఆయన బస్సులో వచ్చారు.

వేసవిలో ఇంకో తద్దినం. పెట్రోలు పంపు ఇంజినుకి ఆనుకుని ఉంటుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట గెలలు వేసుకుని మెల్లిగా వస్తుంటే పంపులోనే పెట్రోలు ఆవిరైపోయి, కార్బొరేటరుకి అందక బండి దగ్గి ఆగిపోతుంది. పంపు మీద తడి గోనెగుడ్డ వేసి పది నిమిషాలు చెట్టు కింద కూర్చుంటే మళ్లీ స్టార్టవుతుంది. మెకానిక్ గారు ఎలక్ట్రిక్ పంపు పెట్టేద్దాం అంటారు. నాకు ఆ పది నిమిషాలు అలవాటైపోయాయి, ఇంట్లో అంతసేపు ఎవరు కూర్చోనిస్తారు? ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఆ రోజుల్లో చేసిన రబ్బరు దీనికి ఆగదు, పంపులో డయాఫ్రం ఉబ్బి సాగిపోతుంది. రెండేళ్లలో రెండు మార్చాను. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కూడా. బండి వారాల తరబడి నిలబెట్టాల్సి వస్తే నేను ట్యాంకులో పెట్రోలు ఉంచను.

మైలేజీ లీటరుకి ఏడు, ఎనిమిది. అరవై దాటితే ఇంజిను కాదు, బండి మొత్తం అరుస్తుంది. రావులపాలెం యార్డుకి గెలలు తీసుకెళ్లేటప్పుడు నా వెనక ఆటోలు హారన్లు కొడతాయి. కొట్టుకోనీ.

డెల్టాలో ఈ జీపుని చంపేది ఉప్పు. ఒండ్రు ఎంత అంటుకున్నా కాలవ నీళ్లతో కడిగితే పోతుంది. కొన్న కొత్తలో చుట్టాలని తీసుకుని గోదారి సముద్రంలో కలిసే అంతర్వేది వెళ్లాం, అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర తడి ఇసుక మీద పిల్లల్ని ఎక్కించుకుని ఊరేగాను. ఇంటికొచ్చి పైన పైన కడిగాను. ఎనిమిది నెలలకి వెనక బ్రేకు పైపు చిల్లు పడింది. విప్పి చూస్తే చేత్తో విరిచేలా ఉంది. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లదీ ఇదే కథ. ఈ బండి చాసిస్‌లో కొన్ని చోట్ల డబ్బాలా మూసి ఉంటుంది, దాంట్లోకి వెళ్లిన మట్టి బయటకి రాదు, తడిగా ఉండి లోపలి నుంచి తింటుంది. అడుగున చిన్న చిల్లులు ఉంటాయి, పాత గొడుగు ఊచతో వాటిని పొడిచి పైపుతో నీళ్లు కొడతాను. మొదట గోధుమరంగు నీళ్లు వస్తాయి, తెల్ల నీళ్లు వచ్చేదాకా కొట్టాలి. ట్యాంకు కూర్చునే గుంట కూడా అంతే, వాన నీళ్లు నిలిచి రేకు జల్లెడవుతుంది, నాది ఒకసారి మార్పించాను. వానాకాలం ముందు అడుగంతా వాడేసిన ఇంజిను ఆయిలు పూస్తాను. చీరలు పాడవుతాయి, పాత నైటీ ఒకటి దీనికే ఉంచాను.

లోతు నీళ్లలో దిగాక ఇంకో పరీక్ష. ముందు యాక్సిల్ చివర రెండు పక్కలా గుండ్రటి గుండ్లు ఉంటాయి, స్టీరింగు తిరిగే జాయింట్లు వాటి లోపలే. సీలు అరిగితే నీళ్లు దూరతాయి, గ్రీజు మజ్జిగలా తెల్లబడుతుంది. డిఫరెన్షియల్ ప్లగ్గు కూడా విప్పి వేలు పెట్టి చూడాలి, ఆయిలు పాలు కలిపిన టీలా ఉంటే మార్చేయాల్సిందే. ఇది చేయకుండా "విల్లీస్ బేరింగులు ఆగవండీ" అనేవాళ్లని చూశాను.

స్పేర్లు ఇప్పటికీ దొరుకుతాయి, ఈ వయసు బండికి అది గొప్పే. సగం విజయవాడ ఆటోనగర్లో, మిగతావి ఢిల్లీ కశ్మీరీ గేటు నుంచి పార్సిలులో. కానీ డబ్బా చూసి కొనకండి. ఒక షాపులో 'ఒరిజినల్' అని నాలుగింతల రేటుకి అమ్మిన సీళ్లు, డబ్బా కొత్తది, లోపల రబ్బరు ఎండిపోయి వంచితే పగిలింది. ఇప్పుడు షాపులోనే వంచి చూస్తాను. వాళ్లకి కోపం వస్తుంది.

ఖర్చు లెక్క దాచను. కొన్నది 1,70,000. మొదటి రెండేళ్లలో ఇంజిను, టబ్బు (బాడీ) రేకు, వైరింగు, టైర్లు కలిపి ఇంకో 2,10,000. ఆ తర్వాత ఏడాదికి పాతిక నుంచి ముప్పై వేలు, పెట్రోలు కాకుండా. ట్రాక్టరు అబ్బాయికి ఏడాదికి ఇచ్చింది ఎనిమిది వేల ఐదు వందలు. లెక్కల మాస్టారైన మా వారు ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి ఫ్రిజ్ మీద అంటించారు.

అంకె తప్పని నేను అనలేదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చిందే, 2006 తర్వాత మా లంక అంత నీరు చూడలేదు. అక్కడ 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక ఇస్తారు, మూడోది 17.75కి. మొదటిది ఇచ్చిన పొద్దుటే బయలుదేరాను, ఎందుకంటే చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే అయినా, మా పాయ దారి అయినా మూడో హెచ్చరిక దాకా ఆగవు. ఫ్యాను బెల్టు తీసేశాను. నీళ్లలో ఫ్యాను తిరిగితే నీళ్లు చిమ్మి ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు తడుస్తుంది, బండి పాయ మధ్యలో ఆగుతుంది. బెల్టు లేకుండా ఇంజిను ఎక్కువసేపు ఉండలేదు కాబట్టి అవతల గట్టుకి రాగానే మళ్లీ వేయాలి, మళ్లీ తీయాలి. పానాతో రెండు బోల్టుల పని. సాయంత్రం దాకా తొమ్మిది ట్రిప్పులు. మోటారు పంపులు మూడు, దూడలు రెండు, ఎరువు బస్తాలు, పక్క తోట కాపలావాళ్ల ఇంటి సామాను, వాళ్ల నానమ్మ. ఆవిడ సీటులో కూర్చోనంది, గెలలు వేసే చోట దూడ మెడ పట్టుకుని కూర్చుంది. ఆఖరి ట్రిప్పులో హెడ్‌లైట్ల కింది అంచుకి నీళ్లు తగిలాయి. మర్నాడు ఉదయం అక్కడ దారి ఉండేదని గుర్తుపట్టడానికి తాటిచెట్టు తలే ఆధారం. ట్రాక్టరు అబ్బాయి ఆ రోజు మంచివాడే, కానీ అతని ట్రాక్టరు కోసం పదిమంది లైన్లో ఉన్నారు.

కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ మీదే ఉంది.

ఆర్సీ గురించి కొనాలనుకునేవాళ్లకి ఒక మాట. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి, గ్రీన్ ట్యాక్సు కట్టాలి. రిజిస్ట్రేషను పొడిగింపు ఫీజు 600 ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి కార్లకీ జీపులకీ 5,000 చేశారు, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. యాభై ఏళ్లు నిండిన బండికి 2021 జూలై నుంచి వింటేజ్ రిజిస్ట్రేషను అని వేరే దారి పెట్టారు, నంబరు మధ్యలో వీఏ అని వస్తుంది, ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. నాది 2022లో యాభై నిండింది. అందరూ తీసుకోమన్నారు, ప్లేటు అందంగా ఉంటుందట. కానీ అది తీసుకున్న బండిని రోజువారీ పనికి రోడ్డు మీద తిప్పకూడదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ అంతే. నా జీపు ప్రదర్శన అంతా అరటి గెలలతోనే. మామూలు ఆర్సీయే చాలు.

ఊళ్లో సరదాకి, ఆదివారం తిరగడానికి కొంటానంటే కొనుక్కోండి, కానీ జిప్సీ చూడండి ముందు. నడుం బాగుంటుంది. పిల్లల్ని స్కూలుకి దింపడానికైతే వద్దు, సీటు బెల్టులు లేవు, పక్కన తలుపులు లేవు. మెకానిక్ మీ ఇంటికి పది కిలోమీటర్ల లోపు లేకపోతే అసలు వద్దు. లంకలోనో కాలవ గట్టు మీదో తోట ఉండి, కింద పడుకుని చూసే ఓపిక ఉండి, ఇంట్లో లెక్కల మాస్టారు లేకపోతే తీసుకోండి.

మంగళవారం నా బండికి ఫిట్‌నెస్. బ్రేకులు పట్టాయి, లైట్లు వెలుగుతున్నాయి, హ్యాండ్‌బ్రేకు సీలు కొత్తది. హారను మాత్రం నిన్నటి నుంచి మోగట్లేదు. వైరు ఎలకలు కొట్టాయని మా వారు టార్చి పట్టుకుని బానెట్టు కింద వెతుకుతున్నారు. సీటులో మాత్రం కూర్చోరట.